హ్యాకులే విజిటింగ్ కార్డులైన కాలం

మొన్న ఒక పాత సైటు మరమ్మతుకి వచ్చింది. స్టైల్‌షీట్ (పేజీ ఎలా కనిపించాలో రాసే ఫైలు) తెరిచిన జూనియర్ ఒక చోట ఆగిపోయాడు. "అన్నా, ఇక్కడ ముందు స్టార్ గుర్తు పెట్టి, హైట్ 1 శాతం అని రాశారు. తీసేస్తే ఏమైనా అవుతుందా?"

ఏమీ అవదు. ఆ లైను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 లాంటి పాత బ్రౌజర్ల కోసం రాసింది. ఆ వంశంలో ఆఖరిదైన 11ని కూడా మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సాగనంపేసింది.

సాయంత్రం టీ దగ్గర అదే కుర్రాడు ఇంకోటి అడిగాడు. ఫ్రీలాన్స్ పని రావాలంటే నలుగురు తెలిసి ఉండాలి కదా, లింక్డ్‌ఇన్‌లో రోజూ పోస్టులు పెట్టాలా అని. పొద్దున్న అడిగినదానికీ దీనికీ జవాబు ఒకే చోట ఉందని నాకు చెప్పడం మొదలుపెట్టాకే తట్టింది.

నెట్‌స్కేప్ నావిగేటర్ అనే బ్రౌజర్ 1994 డిసెంబరులో వచ్చింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌ని దింపింది. పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌కి వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ ఆమోదం దొరికింది 1996 డిసెంబరులో. అప్పటికే రెండు కంపెనీలూ పోటాపోటీగా ఎవరి భాష వాళ్లు కనిపెట్టుకుంటున్నాయి. 1997లో వచ్చిన నాలుగో వెర్షన్లతో వ్యవహారం ముదిరి పాకాన పడింది. పేజీలో ఒక మెనూ కదలాలంటే నెట్‌స్కేప్ కోసం 'డాక్యుమెంట్ డాట్ లేయర్స్' అని ఒకసారి, ఎక్స్‌ప్లోరర్ కోసం 'డాక్యుమెంట్ డాట్ ఆల్' అని ఇంకోసారి రాయాలి. అంత ఓపిక లేనివాళ్లు 'ఈ సైటు ఫలానా బ్రౌజర్‌లో, 800×600లో బాగా కనిపిస్తుంది' అని బోర్డు తగిలించి చేతులు దులిపేసుకున్నారు.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మాత్రం పేజీలో ఒక్కో ముక్కనీ పట్టుకునే డబ్బా కొలత. ఒక డబ్బాకి విడ్త్ 300 పిక్సెళ్లు, లోపల రెండు పక్కలా ప్యాడింగ్ (సరుకుకీ అంచుకీ మధ్య ఖాళీ) 20, అంచు 5 అని రాశామనుకోండి. ప్రమాణం ప్రకారం 300 అనేది లోపలి సరుకుకే, మిగతావి దానికి అదనం. మొత్తం 350. విండోస్‌లోని ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం 300లోనే అన్నీ సర్దేసేది. సరుకుకి మిగిలేది 250. ఒకే కోడు, ఒక బ్రౌజర్‌లో పేజీ నిండుగా, ఇంకోదాంట్లో గుడ్డ కుంచించుకుపోయినట్టు.

దీనికి విరుగుడు కనిపెట్టినాయన టాంటెక్ చెలిక్. ఆయన పనిచేసింది మైక్రోసాఫ్ట్‌లోనే, మ్యాక్ ఎక్స్‌ప్లోరర్ టీంలో. ముందు విడ్త్ 350 అని రాయాలి. తర్వాత 'వాయిస్ ఫ్యామిలీ' అనే ఒక లక్షణం. పేజీని గొంతుతో చదివించే పరికరాల కోసం పెట్టిందది, తెరమీద దానికి పనే లేదు. దాని విలువలో కొటేషన్ల మధ్య ఒక ముగింపు బ్రాకెట్‌ని దాచాలి. పాత ఎక్స్‌ప్లోరర్ ఆ బ్రాకెట్‌ని చూసి రూలు అయిపోయిందనుకుని లేచి వెళ్లిపోతుంది. సరిగ్గా చదవగలిగే బ్రౌజర్ ఇంకా కిందికి వస్తే అక్కడ విడ్త్ 300 అని ఉంటుంది. దొంగకి దొడ్డిదారి చూపించి, చుట్టానికి వీధి తలుపు తీసినట్టు!

ఈ చిట్కాని చాలామంది 'టాంటెక్ హ్యాక్' అని పిలిచారు. మన కుర్రాడు పట్టుకున్న హైట్ 1 శాతం చిట్కా పేరు 'హాలీ హ్యాక్', హాలీ బెర్జెవిన్ అనే ఆవిడ పేరు మీద. నిజానికి స్టార్ హెచ్‌టీఎంఎల్ అన్న ఆ సెలెక్టర్‌కి (రూలు దేనికి వర్తించాలో చెప్పే ముక్కకి) ఏదీ దొరక్కూడదు, ఎందుకంటే హెచ్‌టీఎంఎల్‌కి పైన ఇంకో ఎలిమెంట్ ఉండదు. ఉందని భ్రమపడేది పాత ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. ఆ భ్రమనే వాడుకున్నారు.

పరిచయాల సంగతి ఇక్కడే ఉంది. ఆ రోజుల్లో వెబ్ డిజైనర్‌కి పేరు వచ్చిన దారి చాలావరకు ఇదే. ఒక తప్పుని పట్టుకుని, దాన్ని పది లైన్ల పేజీకి కుదించి, విరుగుడుతో సహా నలుగురి ముందు పెట్టడం. 1998లో జెఫ్రీ జెల్డ్‌మన్, గ్లెన్ డేవిస్, జార్జ్ ఓల్సెన్ మొదలుపెట్టిన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అలాంటివాళ్లని ఒక చోట చేర్చి, బ్రౌజర్ కంపెనీల మీదికే వెళ్లింది. 2013లో మా పని అయింది అని మూసేశారు కూడా.

ఇంకో వింత చెప్పాలి. ఎక్స్‌ప్లోరర్ 5 కొలిచిన పద్ధతే మనిషి బుర్రకి దగ్గరని తర్వాత తేలింది. 'బాక్స్ సైజింగ్' పేరుతో అదే తిరిగొచ్చింది. ఇవాళ ఎన్నో స్టైల్‌షీట్లు మొదలయ్యేది 'బోర్డర్ బాక్స్' అన్న లైనుతోనే. తిట్టిన నోటితోనే పిలిచి పీట వేశాం.

ఎక్స్‌ప్లోరర్ 6 2001 ఆగస్టులో వస్తే, 7 రావడానికి 2006 అక్టోబరు దాకా పట్టింది. పోటీదారు పడిపోయాక అయిదేళ్లు కదల్లేదు. నేనూ దాని బాధితుణ్ణే. ఒక క్లయింటు ఆఫీసులో డెమో. నా ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో బ్రహ్మాండంగా ఉన్న పేజీ, వాళ్ల కంప్యూటర్‌లో తెరిచేసరికి కుడి కాలమ్ జారి అడుగున పడింది. ఎడమకి ఫ్లోట్ చేసిన డబ్బాకి 20 పిక్సెళ్ల మార్జిన్, అంటే బయటి ఖాళీ, ఇస్తే అది 40 చేసుకుంది. 'డిస్‌ప్లే ఇన్‌లైన్' అని ఒక్క ముక్క చేరిస్తే సరిపోతుందని రాత్రి పదకొండింటికి తెలిసింది, ముక్కూమొహం తెలియని ఎవరో రాసిపెట్టిన పేజీలో. 2010 మార్చిలో డెన్వర్‌లో ఒక డిజైన్ సంస్థ ఎక్స్‌ప్లోరర్ 6కి ఉత్తుత్తి అంత్యక్రియలు చేస్తే, మైక్రోసాఫ్టే పూలు పంపింది.

తెలుగు సైట్ల గోల ఇంకో రకం. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్‌లో గౌతమి ఫాంటు కనిపించింది ఎక్స్‌పీ కాలంలోనే. అందుకే పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు చేసుకుని, రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి, పేజీతో పాటు ఫాంటునీ పంపేవి. డైనమిక్ ఫాంటు అనేవాళ్లం. ఎక్స్‌ప్లోరర్‌కి ఒక రకం ఫైలు, నెట్‌స్కేప్‌కి ఇంకో రకం. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్త బదులు పిచ్చి రోమన్ గీతలు కనిపించేవి. వెన్న నాగార్జున 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ చేశాక ఆ గీతలు యూనికోడ్ తెలుగులోకి మారాయి. ప్రతి ఫాంటుకీ ఏ వొత్తు ఏ స్థానంలో ఉందో పట్టిక కట్టుకోవాల్సిన పని అది.

ఇప్పుడు హ్యాకులు తగ్గాయి. ఒక దశలో సఫారీ, క్రోమ్‌ల కోసం ముందు తగిలించే '-వెబ్‌కిట్-' ముక్కని చాలామంది అలవాటుగా రాసేసి మిగతా బ్రౌజర్లవి మర్చిపోతే, 2016లో ఫైర్‌ఫాక్స్ కూడా దాన్ని అర్థం చేసుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ 2020 జనవరిలో క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం మీదికి మారిపోయింది. తేడాలు తగ్గాయి కానీ పోలేదు.

కుర్రాడికి ఇదంతా చెప్పి, పోస్టులు మానేసి ముందు ఒక చిన్న పేజీ చెయ్యమన్నాను. పేరాలో మొదటి పదం 'స్త్రీ', దాని మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఒకే ఒక్క రూలు. యూనికోడ్ పాత నియమం ప్రకారం 'స్' విడి ముక్క. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వెర్షన్ నుంచి తెలుగు సంయుక్తాక్షరం మొత్తం ఒకటే. ఆ పేజీని మూడు బ్రౌజర్లలో తెరిచి, స్క్రీన్‌షాట్లు తీసి, తేడా ఉన్న బ్రౌజర్ వాళ్ల బగ్ జాబితాలో పెట్టమన్నాను. "నాలాంటివాడు పెడితే ఎవరు చూస్తారన్నా?" అన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ మాత్రం తెరిచాడు.