ఎలుక రుచి చూసేది నాలుకతోనేనా?

ప్రియమైన చిన్నారులకు,

ఎలుకకు పంచదార నీళ్ళు అందిస్తే సెకనుకు ఆరేడు సార్లు నాలుక ఆడిస్తూ ఆబగా తాగుతుంది. క్వినైన్ కలిపిన చేదు నీళ్ళు నోట్లో పడ్డాయా, ఇక దాని అవస్థ చూడాలి. నోరు బార్లా తెరుస్తుంది, తల విదిలిస్తుంది, గడ్డాన్ని నేలకేసి రుద్దుతుంది, ముందుకాళ్ళతో మూతి తుడుచుకుంటుంది. మాటలు రాని ప్రాణి ఇష్టాయిష్టాలు ఇంత బాహాటంగా మొహంలోనే తెలిసిపోవడం శాస్త్రవేత్తలకు బాగా కలిసొచ్చింది.

నాలుక సంగతి త్వరగా ముగించేస్తాను, అసలు కథ పైన, మెదడులో ఉంది. నాలుక మీది బొడిపెల్లో రుచి మొగ్గలుంటాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 దాకా కణాలు. తీపిని పసిగట్టేవి వేరు, చేదును పసిగట్టేవి వేరు. చేదు కోసం చిట్టెలుకలో సుమారు 35 రకాల గ్రాహకాలున్నాయి. గ్రాహకమంటే రుచి పదార్థం వచ్చి తగులుకునే, కణం మీది కొక్కెం లాంటిది. విషాలు ఒక్క రూపంలో రావు కదా! అన్నట్టు, నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ గీసిన బొమ్మ మీకెక్కడైనా కనిపిస్తే నమ్మకండి.

2005లో శాస్త్రవేత్తలు చార్లెస్ జూకర్, నికొలస్ రైబాల బృందం చిట్టెలుకల తీపి కణాల్లో ఒక చేదు గ్రాహకాన్ని పుట్టించింది. అంతే, ఆ గ్రాహకానికి తగిలే చేదు పదార్థాన్ని అవి ఇష్టంగా తాగేశాయి! నోట్లో పడింది ఏమిటో మెదడు నేరుగా చూడలేదు. ఏ కణం కదిలిందన్న కబురు మాత్రమే దానికి అందుతుంది.

ఆ కబురు నాడుల వెంట ముందుగా మెదడు అడుగున, వెన్నుపామును ఆనుకుని ఉన్న మజ్జాముఖానికి చేరుతుంది. ఎలుకలో అక్కడి నుంచి పాన్స్ అనే భాగంలో ఇంకో మజిలీ. ఆ తర్వాత దారి చీలుతుంది. ఒక పాయ థాలమస్ అనే నడిమి మజిలీ మీదుగా మెదడు పైపొరలోని (కార్టెక్స్) రుచి ప్రాంతానికి పోతుంది. మరొకటి భయానికీ ఇష్టానికీ సంబంధించిన అమిగ్డాలాకు, ఆకలిదప్పులు చూసుకునే హైపోథాలమస్‌కు పోతుంది. కోతుల్లో, మనుషుల్లో కబురు పాన్స్ దగ్గర ఆగకుండా నేరుగా థాలమస్‌కు వెళుతుంది. అందుకే ఎలుకలో కనిపించిందల్లా మనకూ వర్తిస్తుందని అనేయకూడదు.

ఇన్ని మజిలీలు దేనికి? 1978లో హార్వే గ్రిల్, రాల్ఫ్ నార్గ్రెన్ ఈ సంగతి తేల్చారు. ప్రయోగం వినడానికి కష్టంగానే ఉంటుంది. పైమెదడుతో సంబంధం తెగిపోయిన ఎలుకల నోట్లో తీపి, చేదు చుక్కలు వేశారు. తీపిని మింగాయి, చేదుకు మామూలు ఎలుకల్లాగే నోరు తెరిచి ఉమ్మేశాయి. కడుపు నిండితే తీపిని కూడా వద్దన్నాయి. ఇదంతా అడుగు మెదడే చూసుకుంటోందన్నమాట. కానీ ఒక్కటి మాత్రం వాటికి చేతకాలేదు: ఒక రుచి తిన్నాక జబ్బు చేస్తే, ఆ రుచిని గుర్తుపెట్టుకుని మానుకోవడం.

మామూలు ఎలుక ఇందులో మహా గట్టిది. 1955లో జాన్ గార్సియా శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్ళు తాగే ఎలుకలకు, వికారం కలిగేలా రేడియేషన్ ఇచ్చాడు. తర్వాత అవి ఆ తీపి జోలికి పోవడం తగ్గించేశాయి. వికారం కొన్ని గంటలు ఆలస్యంగా వచ్చినా ఈ పాఠం ఒంటబడుతుందని తర్వాత తేలింది. ఎలుకకు వాంతి చేసుకోవడం రాదు, మింగిందంటే మింగినట్టే. కాబట్టి ఈ జ్ఞాపకం దానికి ప్రాణావసరం. ఇంకో విచిత్రం, అలా దెబ్బతిన్న ఎలుక తీపి నోట్లో పడగానే చేదు తగిలినట్టు మొహం పెడుతుంది. పంచదార మారలేదు, నాలుకా మారలేదు.

ఉప్పుదీ ఇదే వరస, కాకపోతే తిరగేసి. ఒంట్లో సోడియం తగ్గిపోయిన ఎలుక, మామూలప్పుడు ఛీకొట్టే చిక్కటి ఉప్పునీళ్ళను ఎగబడి తాగుతుంది.

పైపొరలో ఏం జరుగుతుందో చూద్దాం. డొనాల్డ్ కాట్జ్ తోటివారితో కలిసి 2001లో ఎలుకల రుచి ప్రాంతంలోని నాడీకణాలను గమనించాడు. జవాబు ఒక్క దెబ్బతో రాదు. మొదట, సెకనులో ఐదోవంతు కూడా గడవకముందే, 'నాలుకకు ఏదో తగిలింది' అన్నంత వరకే. తర్వాత అది ఏ రుచో తేలుతుంది. దాదాపు సెకను గడిచాక మింగాలా, ఉమ్మాలా అన్నది. చాలావరకు అవే కణాలు ఒకదాని తర్వాత ఒకటిగా ఈ పనులు చేస్తాయి.

జూకర్ బృందం లెక్క వేరు. తీపికీ చేదుకూ పైపొరలో విడివిడి చోట్లున్నాయని వాళ్ళ వాదన. 2015లో చిట్టెలుకల తీపి చోటును లేజర్ కాంతితో ప్రేరేపిస్తే, అవి వట్టి నీళ్ళనే తియ్యటి నీళ్ళలా నాకాయి. ఇది గొప్ప ప్రయోగమే, అయినా నా మొగ్గు కాట్జ్ వైపే. ఎందుకంటే ఆకలి, జబ్బు, జ్ఞాపకం వచ్చి కలవాలంటే కొంత సమయం పడుతుంది.

మీ పుస్తకంలో నాలుక నుంచి మెదడుకు బాణాలు గీసిన బొమ్మ ఉంటే, పెన్సిల్‌తో కిందికి కూడా కొన్ని గీసుకోండి. పైపొర నుంచి, అమిగ్డాలా నుంచి పాన్స్‌కూ మజ్జాముఖానికీ నాడులు దిగివస్తాయి. అక్కడి కణాలు తర్వాతి చుక్కకు ఎలా స్పందించాలో ఆ నాడులు పైనుంచి సర్దుతూ ఉంటాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య