చేతులతో చదువు, తెరతో చదువు: సైన్స్ టీచర్లు తరచూ వినే అపోహలు, అసలు విషయాలు

అపోహ: తరగతి గదిలోని డిజిటల్ తెర, అంటే ప్యానెల్ మీద ప్రయోగం చూపిస్తే చేయించినట్టే.

వాస్తవం: తెర మీది లోలకాన్ని ఎన్నిసార్లు ఊపినా ఒకటే జవాబు వస్తుంది. దారానికి నట్టు కట్టి పిల్లలే ఊపితే జవాబులు రకరకాలుగా వస్తాయి, నేర్చుకునేదంతా ఆ తేడాల్లోనే ఉంటుంది. వేలాడదీసిన చోటి నుంచి నట్టు మధ్య వరకు 1 మీటరు ఉంచి, 10 డిగ్రీలు మించకుండా లాగి వదిలితే 10 డోలనాలకు (వెళ్లి తిరిగి వస్తే ఒక డోలనం) 20 సెకన్లు పట్టాలి. కొన్ని జట్లకు 18 వస్తుంది. వదులుతూనే ‘ఒకటి’ అనడమే కారణం. అప్పుడు ‘సున్నా’ అనాలి. ఆ 18తో లెక్క కడితే గురుత్వ త్వరణం 9.8 బదులు 12 దాటుతుంది. తప్పెక్కడో మీరు చెప్పేయకండి. రెండు జట్లను పక్కపక్కన నిలబెట్టి గట్టిగా లెక్కపెట్టిస్తే వాళ్లే పట్టుకుంటారు. ఆ తర్వాత ప్యానెల్ తెరిచి, అదే లోలకం చంద్రుడి మీద ఎలా ఊగుతుందో చూపించండి. మన గదిలో కుదరని పనికి తెర చాలా విలువైనది.

అపోహ: ల్యాబ్ లేని బడిలో ఏం చేయించగలం?

వాస్తవం: మేడ మీద కాస్త ఎండ చాలు. బెజవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, గుంటూరు దాదాపు అంతే. 1 మీటరు పీవీసీ పైపును నిలబెట్టి 11:45 నుంచి 12:30 వరకు ఐదు నిమిషాలకోసారి నీడ చివర సుద్దతో గుర్తు పెట్టించండి. అన్నిటికంటే పొట్టి నీడే ఉత్తర దక్షిణాల గీత. సెప్టెంబరు 22, 23 తేదీల్లో అది సుమారు 30 సెంటీమీటర్లు, డిసెంబరు 22 ప్రాంతంలో 84. బడులు తెరిచాక జూన్ 21న చూస్తే 12 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు! నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనుకున్న పిల్లలు అక్కడే ఆగిపోయి ఆలోచిస్తారు. ఆగస్టు మొదటి పది రోజుల్లో, మబ్బు లేకపోతే, నీడ పైపు కిందికే వచ్చేస్తుంది.

పైపు 2 డిగ్రీలు వాలినా నీడ చివర మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది కాబట్టి, దారానికి నట్టు కట్టి నిలువు సరిచూడాలి. నీడ అంచు సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది; ఆ మసక మధ్యలో గుర్తు పెట్టాలి. పొట్టి నీడ సరిగ్గా 12కే రాదేమని అడిగితే సంతోషించండి: మన గడియారం కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది, బెజవాడ దానికి పడమరన ఉంది కాబట్టి, అక్కడికంటే ఇక్కడ మిట్టమధ్యాహ్నం కాస్త ఆలస్యం.

అపోహ: ఫోన్ వస్తే చదువు పోతుంది.

వాస్తవం: తరగతికి ఒక్క ఫోన్, అదీ టీచరుది, కొలిచే పనిముట్టుగా వాడితే చాలు. 1.25 మీటర్ల ఎత్తు నుంచి బంతి పడడానికి అర సెకను పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కే వేలి ఆలస్యమే 0.2 సెకన్ల దాకా ఉంటుంది, అంటే చేత్తో కొలవలేం. సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కిస్తే సుమారు 60 వస్తాయి. వరండాలో వెలుతురు బాగున్న చోట తీయండి, లేకపోతే బంతి చారలా కనబడుతుంది.

అపోహ: రోబోటిక్స్ కిట్ కొంటే పిల్లలకు ఎలక్ట్రానిక్స్ వచ్చేస్తుంది.

వాస్తవం: ముందు ఒక్క ఎర్ర ఎల్ఈడీ వెలిగించనివ్వండి. 9 వోల్టుల బ్యాటరీ, కరెంటును అదుపు చేసే 470 ఓమ్‌ల రెసిస్టర్ (పసుపు, ఊదా, గోధుమ పట్టీలు), ఎల్ఈడీ పొడవు కాలు ప్లస్ వైపు. ఎల్ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7ను 470తో భాగిస్తే 15 మిల్లీ ఆంపియర్లు. రెసిస్టర్ లేకుండా కలిపితే ఎల్ఈడీ మాడిపోతుంది. వెలగకపోతే ముందుగా బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చే రంధ్రాల పలక) చూడండి: ఎల్ఈడీ రెండు కాళ్లూ ఒకే వరుసలోని ఐదు రంధ్రాల్లో గుచ్చి ఉంటారు, అవి లోపల కలిసే ఉంటాయి. నలుగురికి ఒక సెట్టు సరిపోతుంది, కానీ వైర్లు గుచ్చే పని వంతులవారీగా మారాలి. లేకపోతే చురుకైన ఒక్కరే చేసేసి, మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చుంటారు.