ఏడుగురు సంతకం పెట్టారు, గౌస్ పెట్టలేదు

గోటింగెన్ అనగానే లెక్కల మాస్టార్లకు గౌస్, రీమాన్, హిల్బర్ట్ గుర్తొస్తారు. జర్మనీలో ఆ ఊరి పేరుకు ఒక అంకె కూడా అతుక్కుని ఉంది. ఏడు.

అక్కడి యూనివర్సిటీ 1737లో మొదలైంది. ఊరు అప్పటి జర్మన్ సంస్థానం హనోవర్ పాలనలో ఉండేది. హనోవర్ పాలకుడు రెండో జార్జే బ్రిటన్‌కూ రాజు. యూనివర్సిటీని నిలబెట్టిన మంత్రి మ్యూన్‌హౌజెన్ ఒక తెలివైన పని చేశాడు. మిగతా శాఖల పాఠాలనూ రాతలనూ సెన్సార్ చేసే అధికారం మతశాస్త్రం వాళ్లకు లేకుండా చేశాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. దానికి మంచి లైబ్రరీ కూడా తోడై, ఊరి పేరు మోగిపోయింది.

సరిగ్గా వందేళ్ల పండగ చేసుకున్న 1837లోనే గొడవ మొదలైంది. ఆ ఏడాది విక్టోరియా బ్రిటన్ రాణి అయింది. మగ వారసుడుండగా ఆడపిల్లకు గద్దె దక్కదనేది హనోవర్ ఆచారం. అందుకని అక్కడ ఆమె బాబాయి ఎర్న్‌స్ట్ ఔగుస్ట్ రాజయ్యాడు. నవంబర్ 1న 1833 నాటి రాజ్యాంగాన్ని రద్దు చేసేశాడు. ప్రొఫెసర్లు దానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసినవాళ్లు. మా ప్రమాణం మాటేమిటి అంటూ ఏడుగురు లేఖ రాశారు. డాల్‌మాన్, ఆల్‌బ్రెక్ట్, గెర్వినుస్, ఎవాల్డ్, వెబర్, జానపద కథలు సేకరించిన గ్రిమ్ అన్నదమ్ములు. డిసెంబర్‌లో ఏడుగురి ఉద్యోగాలూ పోయాయి. డాల్‌మాన్, గెర్వినుస్, యాకోబ్ గ్రిమ్ మూడు రోజుల్లో రాజ్యం విడిచి పోవాల్సి వచ్చింది.

గౌస్ సంతకం పెట్టలేదు. ఎవాల్డ్ ఆయన అల్లుడు. భౌతికశాస్త్రవేత్త వెబర్‌తో కలిసి గౌస్ అప్పటికి నాలుగేళ్ల కిందటే ఊరి కప్పుల మీదుగా తీగ లాగి టెలిగ్రాఫ్ నడిపాడు. ఇంటి మనిషీ పోయాడు, పనిలో తోడూ పోయాడు, ఆయన మాత్రం నోరు విప్పలేదు. గోటింగెన్ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి ఎందుకో వెనక్కి పోతుంది.

1933 ఏప్రిల్‌లో నాజీల చట్టం యూదు ఉద్యోగులను తీసేయడం మొదలుపెట్టింది. గోటింగెన్‌లో భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్‌ను, గణితవేత్తలు ఎమ్మీ నోథర్, కూరాంట్‌లను పక్కన పెట్టేశారు. నోబెల్ గ్రహీత జేమ్స్ ఫ్రాంక్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు కాబట్టి ఆ చట్టం నుంచి ఆయనకు మినహాయింపు ఉంది. అయినా నిరసనగా తనే రాజీనామా చేశాడు. ఈసారి కూడా అక్కడి అధ్యాపకులు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు, 42 మంది. ఫ్రాంక్ చేసింది తప్పంటూ! ప్రపంచమంతా వచ్చి లెక్కలు నేర్చుకున్న చోటు కొన్ని నెలల్లో ఖాళీ అయిపోయింది.

మళ్లీ 1957లో మరో సంతకాల కాగితం వచ్చింది. చిన్న అణ్వాయుధాలంటే ఫిరంగులకు కొనసాగింపే అన్నట్టు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ మాట్లాడాడు. అణ్వాయుధాల తయారీ, పరీక్ష, వాడకం, దేనిలోనూ మేం పాలుపంచుకోం అని 18 మంది శాస్త్రవేత్తలు చెప్పారు. వారిలో హాన్, హైజెన్‌బర్గ్, బోర్న్ ఉన్నారు. అందరూ ఆ ఊరివాళ్లు కాకపోయినా జనం ‘గోటింగెన్ పద్దెనిమిది’ అన్నారు.

హనోవర్ రైల్వేస్టేషన్ ముందు ఎర్న్‌స్ట్ ఔగుస్ట్ ఇప్పటికీ గుర్రమెక్కి ఉన్నాడు. దిమ్మె మీద ‘దేశాన్నేలిన తండ్రికి ఆయన నమ్మకమైన ప్రజలు’ అని ఉంటుంది. 2015లో గోటింగెన్ స్టేషన్ ముందూ అలాంటి దిమ్మె పెట్టారు. దాని మీద ‘దేశాన్నేలిన తండ్రికి ఆయన గోటింగెన్ ఏడుగురు’ అని రాశారు. పైన రాజూ లేడు, గుర్రమూ లేదు.