ఐ-20 మీదున్న శాఖ పేరుతో ఒక పీజీ

అమెరికా చదువుకి వెళ్లే మన పిల్లలకి అక్కడి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం పైభాగంలో డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోంల్యాండ్ సెక్యూరిటీ (స్వదేశ భద్రతా శాఖ) అని ఉంటుంది. వీసా టెన్షన్‌లో ఆ పేరు ఎవరి కంటా పడదు. ఆ పేరుతో అక్కడ ఒక పీజీ చదువే ఉంది.

2001 సెప్టెంబర్ 11 ఉగ్రవాద దాడికి ముందు హోంల్యాండ్ సెక్యూరిటీ అన్న మాట అమెరికాలో మామూలు జనానికీ కొత్తే. దేశ రక్షణకు ఇలాంటి సంస్థ ఒకటి కావాలని ప్రభుత్వమే వేసిన హార్ట్-రడ్‌మన్ కమిషన్ ఆ ఏడాది మొదట్లోనే చెప్పింది. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

దాడి రోజు న్యూయార్క్ జంట టవర్ల దగ్గర 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. మొదటి టవర్ కూలాక రెండోదీ నిలిచేలా లేదని పోలీసు హెలికాప్టర్‌లోంచి హెచ్చరించారు. ఆ కబురు పోలీసు రేడియోలో వెళ్లింది. లోపలున్న ఫైర్ వాళ్ల రేడియోలు వేరు.

దాడి జరిగి సరిగ్గా ఆరు నెలలకి, 2002 మార్చి 11న, మరో విడ్డూరం. మొహమ్మద్ అట్టాకీ, అతని జతగాడికీ విద్యార్థి హోదా మంజూరైందంటూ ఇమ్మిగ్రేషన్ వాళ్ల కాగితాలు ఫ్లోరిడాలోని పైలట్ శిక్షణ స్కూలుకు చేరాయి. ఇద్దరూ విమానాలతో టవర్లను గుద్ది చచ్చినవాళ్లే! ఆ ఇమ్మిగ్రేషన్ సంస్థ తర్వాత ఏడాదికల్లా ముక్కలై హోంల్యాండ్ సెక్యూరిటీ అనే కొత్త శాఖలో కలిసింది. ఆ శాఖకి 2002 నవంబర్ 25న చట్టం, 2003 మార్చి 1న 22 సంస్థలు ఒకే గొడుగు కిందికి.

మరి వీళ్లందరికీ కలిసి పనిచేయడం నేర్పేదెవరు? ఆ పని కాలిఫోర్నియాలోని మాంటెరీలో, ఒకప్పటి హోటల్ డెల్ మాంటే భవనంలో ఉన్న నేవీ పీజీ కాలేజీ మీద పడింది. 2002లో అక్కడ ఒక కేంద్రం పెట్టారు. కొత్త శాఖలోకి ఆ సంస్థలు ఇంకా చేరకముందే, 2003 జనవరిలో మొదటి బ్యాచ్ కూర్చుంది. చదివేది కుర్రాళ్లు కాదు. ఫైర్ చీఫులు, పోలీసు అధికారులు, ప్రజారోగ్య శాఖ వాళ్లు. ఫీజు లేదు, కోర్సు 18 నెలలు. మూణ్ణెల్లకోసారి రెండు వారాలు క్యాంపస్‌లో, మిగతాదంతా ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో. చివర్లో థీసిస్ తప్పదు. పోలీసాయన పక్క సీట్లో ఫైరాయన కూర్చోవడమే అసలు పాఠమని నాకనిపిస్తుంది.

2005లో కత్రినా తుపాను వచ్చి, ఉగ్రవాదం ఒక్కటే ముప్పు కాదని తేల్చింది. తుపానులకీ, మహమ్మారులకీ కూడా ఈ చదువులో పెద్దపీట వేశారు. మాంటెరీ వాళ్లు తమ పాఠాల్ని ఉచితంగా ఇవ్వడంతో మిగతా యూనివర్సిటీలూ ఈ డిగ్రీ మొదలుపెట్టాయి. అసలు ఇదొక శాస్త్రమేనా అన్న గొడవ మాత్రం తీరలేదు. అక్కడే పాఠాలు చెప్పే క్రిస్టఫర్ బెల్లావిటా 2008లో హోంల్యాండ్ సెక్యూరిటీకి ఏకంగా ఏడు నిర్వచనాలు లెక్కపెట్టారు.

ఐ-20 మీద వెళ్లి ఈ డిగ్రీ చేద్దామనుకునే మనవాళ్లకి ఒక చిక్కుంది. ఆ శాఖలో ఉద్యోగమంటే దాదాపుగా అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే.