నవ్వించే కుటుంబ నాటకాలు: రిహార్సల్లో తరచూ వినే అపోహలు

కుటుంబ రహస్యాల మీద డార్క్ కామెడీ (చావు, దాపరికం లాంటి బరువైన విషయాల్లోంచి నవ్వు పుట్టించే నాటకం) వేస్తున్నామని చెప్పగానే నటులకూ చూడబోయేవాళ్లకూ ముందే కొన్ని అభిప్రాయాలు ఏర్పడిపోతాయి. దర్శకుడిగా నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: కథ మరీ బరువెక్కకుండా మధ్యలో జోకులు పెడతారు.

అలా అతికించిన జోకు ఇట్టే తెలిసిపోతుంది. ఇలాంటి నాటకంలో నవ్వు పుట్టేది దాపరికం కోసం పడే పాట్లలోంచి. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరికీ తెలియనట్టు నటిస్తూ, తండ్రి పోయిన మర్నాడు గోడ గడియారం ఎవరిదని అన్నదమ్ములు కొట్టుకుంటారు. వాళ్లకది జీవన్మరణ సమస్య. అందుకే నటులకు నేను చెప్పేది ఒకటే: నవ్వించాలని చూడొద్దు, గడియారం కోసం నిజంగా పోట్లాడండి. తన మాట తమాషాగా ఉందని పాత్రకు తెలిసిందా, సీను చచ్చినట్టే.

రష్యన్ నాటక రచయిత చెహోవ్ తన ‘ది చెర్రీ ఆర్చర్డ్’ని కామెడీ అన్నాడు. 1904లో దాన్ని రంగస్థలం మీదికి తెచ్చిన దర్శకుడు స్టానిస్లావ్‌స్కీకి అది విషాదంగా తోచింది. రచయిత విసుక్కున్నాడు. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు, నేనైతే చెహోవ్ పక్షమే.

అపోహ: రహస్యం బయటపడటమే క్లైమాక్స్.

సగం నాటకం అయ్యేసరికి ప్రేక్షకులు దాన్ని ఎలాగూ పసిగడతారు. నార్వే నాటక రచయిత ఇబ్సెన్ 1881లో అచ్చు వేయించిన ‘గోస్ట్స్’లో చనిపోయిన ఆల్వింగ్ బండారాన్ని అతని భార్య మొదటి అంకంలోనే పాస్టర్‌కు చెప్పేస్తుంది. ఇంకా రెండు అంకాలు మిగిలే ఉంటాయి! ఆ దాపరికానికి కొడుకు ఎంత మూల్యం చెల్లించాడో అక్కడి నుంచి తెలుస్తూ వస్తుంది.

మా పనిలో అసలు ప్రశ్న, ఎవరికి ఎప్పటినుంచి తెలుసు అన్నది. అందరం కలిసి నాటకం చదువుకునే రీడింగ్ అయిపోగానే ఒక పట్టిక గీస్తాం. ఏ సీన్లో ఎవరికి ఎంత తెలుసు, ఎదుటివాళ్లకు ఎంత తెలుసని అనుకుంటున్నారు అని రాసుకుంటాం. బ్లాకింగ్, అంటే స్టేజీ మీద ఎవరు ఎక్కడ ఉండాలి, ఎటు కదలాలి అన్నది, సగం అందులోంచే వచ్చేస్తుంది. విషయం తెలిసిన మనిషి ఆ మాట వచ్చినప్పుడు ఎటు చూస్తుంది, ఏ కుర్చీ ఎంచుకుంటుంది అన్నవి మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

అపోహ: తరాలు దాటిన ట్రామాను (మానసిక గాయాన్ని) చూపాలంటే ఫ్లాష్‌బ్యాక్, పొడవాటి ఏడుపు డైలాగు ఉండాలి.

నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడినవాళ్ల పిల్లల్లో తీవ్రమైన మానసిక ఇబ్బందులు కనిపిస్తున్నాయని 1966లో కెనడా సైకియాట్రిస్టు వివియన్ రాకాఫ్ రాశాడు. ఇలాంటి గాయం మనుషుల్లో జన్యువుల మీద గుర్తులుగా కూడా దాటుతుందా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. స్టేజీకి ఆ తీర్పుతో పనిలేదు. మేం చూపగలిగింది అలవాటును.

ఉదాహరణకు, తాత పేరు వినగానే నానమ్మ లేచి కిటికీ మూస్తుంది. పక్కింటివాళ్లు వింటారని భయం. తర్వాతి సీన్లో కొడుకూ అదే చేస్తాడు, ఎందుకో అతనికి సగమే తెలుసు. చివర్లో మనవరాలు లేచి, మూసే ఉన్న కిటికీని మళ్లీ మూయబోతుంది. హాలు గొల్లుమంటుంది. ఆ పిల్లకు తాత ఎవరో కూడా సరిగ్గా తెలియదని గుర్తొచ్చి కొందరు టక్కున ఆగిపోతారు. ఇక్కడ డైలాగు రాస్తే పాడైపోతుంది.

అపోహ: నటులు తమ సొంత గాయాలు తవ్వుకోవాలి.

వద్దు. భావోద్వేగ జ్ఞాపకం (పాత్ర కోసం నటులు తమ సొంత అనుభవాలను గుర్తుచేసుకోవడం) గురించి అంత చెప్పిన స్టానిస్లావ్‌స్కీయే చివరి ఏళ్లలో శారీరక చర్య (చేసే పనిలోంచి భావాన్ని రాబట్టడం) వైపు మళ్లాడు. కిటికీ గట్టిగా మూయమంటే నటి రోజూ మూయగలదు. రోజూ తన బాల్యాన్ని తవ్వుకోమంటే కుదరదు, అడగడం తప్పు కూడా.

అపోహ: నవ్వు రాకపోతే ఆ రోజు షో పోయినట్టే.

ఒకరోజు గడియారం దగ్గర నవ్వుతారు, మర్నాడు అదే చోట గుక్క తిప్పుకోరు. చిక్కల్లా నిన్నటి నవ్వు కోసం ఆగే నటుడితోనే. నవ్వు వస్తే అది తగ్గేదాకా తర్వాతి డైలాగు పట్టుకుని ఉండాలి, రాకపోతే క్యూ (తన డైలాగుకు ముందొచ్చే మాట) అందగానే సాగిపోవాలి.