మాత్సుయే కోట ఊరు: మావాళ్లు మోసుకొచ్చే అపోహలు, నేను చూపించే వాస్తవాలు

పశ్చిమ జపాన్‌లో మన తెలుగు కుటుంబాలను తిప్పి చూపించడం నా పని. టోక్యో, క్యోటో, ఒసాకా ఎలాగూ అందరూ చూస్తారు. నన్ను అడిగితే మాత్రం మాత్సుయే అంటాను. షిమానే ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) ముఖ్యపట్టణం అది. షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు అక్కడిదాకా పోదు. ఒకయామాలో దిగి, యాకుమో అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొండల మధ్య రెండున్నర గంటలకు పైగా కూర్చోవాలి. ఆ రైలు పేరు గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇన్నేళ్లలో ఒకటి గమనించాను. మనవాళ్లు కోట దగ్గర రెండు గంటలు, ఫొటోలకు ఇంకో అరగంట ఇస్తారు. కోట వెనక ఉన్న ఇళ్లను మాత్రం పెళ్లి భోజనంలో చివరి పెరుగన్నంలా హడావుడిగా ముగిస్తారు. నా లెక్క తిరగేసి ఉంటుంది. ఎందుకో చెప్పాలంటే ముందు కొన్ని అపోహలు దులపాలి.

అపోహ: కోట అంటే రాజుగారి ఇల్లు.

మొన్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు పై అంతస్తుదాకా ఎక్కి, చెమట తుడుచుకుంటూ అడిగారు: "ఏమయ్యా, పడకగది ఏదీ? వంటిల్లు ఏదీ? వీళ్లు ఎక్కడ పడుకునేవాళ్లు?"

ఎక్కడా పడుకునేవాళ్లు కాదు మాస్టారూ. మీరెక్కిన ఈ నల్లటి బురుజును 'టెన్షు' అంటారు. బయటికి నాలుగు అంతస్తుల్లా కనిపిస్తుంది, లోపల ఐదు. అడుగున నేలమాళిగ, అందులో బావి. గోడల్లో బాణాలకు, తుపాకులకు కన్నాలు, కిందికి రాళ్లు దొర్లించడానికి సందులు. ముట్టడి వస్తే చివరికి తలదాచుకునే చోటు, మామూలు రోజుల్లో గిడ్డంగి. ప్రభువు కాపురం కింద ఉండే భవనాల్లో. ఆ భవనాలు ఇప్పుడు లేవు. వాటిలో ఒకటైన 'సన్నొమారు' ఉన్న జాగాలోనే ఈ రోజు ప్రిఫెక్చర్ ఆఫీసు నడుస్తోంది. మన భాషలో కలెక్టరేటు అనుకోండి. దొరగారింటి జాగాలో ఫైళ్లు కదులుతున్నాయన్నమాట.

మెట్ల గురించి ఒక మాట. నిచ్చెనకు తమ్ముళ్లలా ఉంటాయి. బూట్లు విప్పే లోపలికి వెళ్లాలి, కాబట్టి జారని సాక్సులు తెచ్చుకోండి. చీర కట్టుకున్న అమ్మలు కుచ్చిళ్లు ఒక చేత్తో, కమ్మీ ఒక చేత్తో పట్టుకుని ఎక్కేస్తారు గానీ, దిగేటప్పుడే ఇబ్బంది. మెట్లవైపు తిరిగి, వెనక్కి వెనక్కి దిగండి. సిగ్గేమీ లేదు, నేనూ అలాగే దిగుతాను.

అపోహ: జపాన్ కోటలన్నీ కొత్తగా కట్టిన కాంక్రీటు బొమ్మలే. పాతవన్నీ యుద్ధంలో బాంబులకు పోయాయి.

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది మొండి అపోహ. ఒసాకా టెన్షు 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంది. అది చూసి వచ్చినవాళ్లు మాత్సుయేలో స్తంభం మీద వేలితో కొట్టి చూస్తారు. ఇది కర్రే. 1611లో పూర్తయింది. తొలినాటి టెన్షు అలాగే నిలిచి ఉన్న కోటలు దేశం మొత్తంలో పన్నెండే. వాటిలో జాతీయ సంపదగా గుర్తింపు ఉన్నవి ఐదు: హిమేజీ, మాత్సుమోతో, హికోనే, ఇనుయామా, మాత్సుయే.

ఇక మిగతా కోటలు పోవడానికి బాంబులు ఒక్కటే కారణం కాదు. చాలావాటిని జపానువాళ్లే కూల్చేసుకున్నారు. సమురాయ్ పాలన ముగిసి మేయ్‌జీ ప్రభుత్వం వచ్చాక, 1873లో కోటలను వదిలించుకోమని ఆదేశం వచ్చింది. 1875లో మాత్సుయే కోటలోని కట్టడాలన్నీ కూల్చివేతకు వేలం వేశారు. టెన్షు పలికిన ధర 180 యెన్లు. అక్షరాలా నూట ఎనభై! కట్సుబే మోతోఎమొన్ అనే సంపన్న రైతు, తకాగి గొంపాచి అనే మాజీ కొలువు ఉద్యోగి కలిసి అంత డబ్బూ పోగుచేసి కట్టి దాన్ని నిలబెట్టారు. మిగతావన్నీ పోయాయి. మీరెక్కింది ఆ ఇద్దరి పుణ్యమే.

దీనికి ఒక డిటెక్టివ్ కథ కూడా ఉంది. మాత్సుయే టెన్షుకు 1935లోనే జాతీయ సంపద హోదా ఉండేది. 1950లో కొత్త చట్టం వచ్చి ఒక మెట్టు కిందికి దింపింది. మళ్లీ పైకెక్కాలంటే ఎప్పుడు కట్టారో కచ్చితమైన రుజువు కావాలి. 2012లో కోట ఆవరణలోని గుడిలో రెండు ప్రార్థన పలకలు దొరికాయి. వాటి మీద 1611కు సరిపోయే సంవత్సరం రాసి ఉంది. సరే, ఆ పలకలు ఈ కోటవే అని ఎవరు చెప్పాలి? మేకుల కన్నాలు చెప్పాయి. పలకల్లోని కన్నాలు, నేలమాళిగలో రెండు స్తంభాలకున్న కన్నాలు సరిగ్గా అతికాయి. 2015లో హోదా తిరిగొచ్చింది. అందుకే నా గ్రూపును పైకి తీసుకెళ్లే ముందు కిందే ఐదు నిమిషాలు ఆపుతాను. పైనుంచి షింజి సరస్సు ఎలాగూ కనిపిస్తుంది, ఎక్కడికీ పోదు.

అపోహ: సమురాయ్ ఇల్లంటే గొప్ప భవంతి. గోడల నిండా కత్తులు ఉంటాయి.

కోటకు ఉత్తరం వైపు గేటు దాటితే, రాతి నక్కలు వందలుగా కూర్చున్న ఇనారి గుడి పక్కనుంచి అగడ్త ఒడ్డుకు చేరతారు. అక్కడ మొదలయ్యే అర కిలోమీటరు వీధి పేరు షియోమి నవాతే. 'నవాతే' అంటే పొలాల మధ్య తిన్నగా సాగే గట్టుబాట. ఒక పక్క అగడ్త, పైన వంగిన పాత పైన్ చెట్లు, రెండో పక్క తెల్లసున్నం గోడలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, పుట్టింది ముచ్చట కోసం కాదు. 1607లో హోరియో యోషిహారు ఇక్కడ కోట మొదలుపెట్టినప్పుడు ఇదంతా బురదనేల. ఉత్తరం కొండను తెగ్గొట్టి అగడ్త తవ్వారు, ఆ మట్టితోనే బురద పూడ్చి ఊరు కట్టారు. మీరు నడుస్తున్నది ఆ కోత అంచున.

ఈ వీధిలోనే 'బుకె యషికి' ఉంది. షియోమి అనే నడితరగతి సమురాయ్ కుటుంబం ఉన్న ఇల్లు. అంతకుముందున్నది తగలబడితే 1733లో మళ్లీ కట్టారు. లోపలికి అడుగుపెట్టగానే మనవాళ్ల ముఖాలు చిన్నబోతాయి. "ఇంతేనా?" అంటారు. ఇంతే. అదే ఇక్కడ చూడాల్సింది.

ముందు వాకిలి చూడండి. అతిథి కోసం వేరే మెట్టు, వేరే ద్వారం. అక్కడినుంచి పెద్ద గదిదాకా అంతా తీరుగా, మంచి కర్రతో ఉంటుంది. ఇప్పుడు ఇంటి పక్కగా వెనక్కి రండి. భార్యాపిల్లలు ఉండే గదులు, వంటిల్లు. కర్ర మారిపోయింది, పనితనం మారిపోయింది, అంతా సాదాసీదా. ఒకే కప్పు కింద రెండు ఇళ్లు. మొన్న ఒక పిన్నిగారు నా చెవిలో అన్నారు: "మా అత్తగారింట్లో కూడా అంతే బాబూ. సోఫా సెట్టు హాల్లో, నవారు మంచం లోపల." నేను రెండేళ్లుగా జపనీస్ పదాలతో తంటాలు పడుతున్నది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇప్పుడు అదే చెబుతున్నాను అందరికీ.

గేటు కూడా వదలకండి. అది ఉత్త గేటు కాదు, రెండు వైపులా గదులున్న పొడవాటి కట్టడం. నౌకర్లు అందులో ఉండేవాళ్లు.

ఇంకో సంగతి. కోట ఊళ్లలో ఇలాంటి ఇళ్లు చాలావరకు సమురాయ్ సొంతం కాదు, కొలువు ఇచ్చిన క్వార్టర్లు. హోదా పెరిగినా తగ్గినా ఇల్లు మారాలి. జీతం బియ్యంలో లెక్క. దాని కొలత 'కోకు': ఒక మనిషి ఒక ఏడాది తినే బియ్యం అని స్థూలంగా లెక్క. 'ఎదో' యుగం అనే ఆ సమురాయ్ పాలన కాలంలో రెండున్నర శతాబ్దాలు పెద్ద యుద్ధాలే లేవు. ఈ ఇంటాయన పొద్దున లేచి కత్తి దూసింది లేదు. కత్తి నడుముకు పెట్టుకుని ఆఫీసుకు పోయేవాడు. 1876లో ఆ జీతాలు కూడా ఎత్తేశారు. ఆ దెబ్బకు చితికిన ఒక కుటుంబపు అమ్మాయి కథ నాలుగు అడుగుల దూరంలోనే ఉంది.

అపోహ: లాఫ్కాడియో హెర్న్ ఈ ఊళ్లో జీవితమంతా ఉన్నాడు.

ఊరంతా ఆయన పేరే వినిపిస్తుంది కాబట్టి అలా అనుకోవడం సహజం. గ్రీసు ద్వీపంలో 1850లో పుట్టిన ఈ రచయిత 1890 ఆగస్టులో ఇంగ్లీషు టీచరుగా వచ్చి, 1891 నవంబరులో వెళ్లిపోయాడు. పదిహేను నెలలు. చలి పడలేదు. షియోమి నవాతే చివర ఆయన పేరుతో ఉన్న ఇల్లు కూడా ఆయనది కాదు, నెగిషి అనే సమురాయ్ కుటుంబానిది. అద్దెకు తీసుకుని కొన్ని నెలలు ఉన్నాడంతే. ఆ కుటుంబమే ఇంటినీ తోటనూ పాడవకుండా కాపాడుకుంటూ వచ్చింది.

ఆయన పెళ్లాడిన సెత్సు, కోయిజుమి అనే సమురాయ్ ఇంటి ఆడపడుచు. నేను పైన చెప్పిన చితికిన కుటుంబం అదే. ఆమె చెప్పిన పాత దయ్యాల కథలు విని ఆయన రాశాడు. 1896లో జపాన్ పౌరుడై కోయిజుమి యాకుమో అయ్యాడు. ఇంటిపేరు భార్యది. యాకుమో ఈ ప్రాంతానికి పాత కవిత్వంలో ఉన్న పేరు. మీరెక్కి వచ్చిన రైలుకూ ఆ పేరే.

ఆ ఇంట్లో మధ్య గదిలో చాప మీద కూర్చోండి. మూడు వైపులా తోట కనిపిస్తుంది. మన అరుగు లాంటి వరండా మీదికి ఎండ వచ్చి పోతుంటుంది. ఎత్తుగా ఉన్న ఒక బల్ల కూడా చూస్తారు. ఆయనకు చిన్నప్పుడే ఎడమకన్ను పోయింది, కుడిది కూడా అంతంత మాత్రం. కాగితం ముక్కుదాకా తెచ్చుకుని రాయాలి, అందుకు ఆ ఎత్తు. పక్కనే మ్యూజియం. నేనైతే ముందు మ్యూజియం, తర్వాత ఇల్లు. తలకిందులుగా చూస్తే ఇల్లు ఖాళీ గదుల్లా మిగిలిపోతుంది. ఈ పొరపాటు నేనే మొదటి ఏడాదంతా చేశాను.

అపోహ: టీ తాగాలంటే బోలెడు మడి, ఆచారం తెలియాలి.

క్యోటోలో ఏమో గానీ, ఇక్కడ కాదు. ఈ ఊరిని ఏలిన మాత్సుదైరా వంశపు ఏడో ప్రభువు ఫుమాయ్ టీ అంటే ప్రాణం పెట్టినవాడు. ఆయన చలవతో ఈ ఊళ్లో మాచ్చా అనే పొడి గ్రీన్ టీ మన ఇళ్లలో మజ్జిగంత మామూలైపోయింది. మిఠాయిల్లో క్యోటో, కనజావాల సరసన చెప్పే మూడో ఊరు ఇదే. వీధి వెనక చిన్న గుట్టెక్కితే మేయ్‌మేయాన్ అనే గడ్డికప్పు టీ గది ఉంటుంది. 1779లో ఫుమాయ్ అభిరుచి మేరకు కట్టింది. గదిని బయటినుంచే చూడాలి, టీ పక్కనున్న వసారాలో ఇస్తారు. గిన్నె రెండు చేతులతో పట్టుకుంటే చాలు, ఎవరూ మార్కులు వేయరు.

"ఇన్నేళ్లుగా ఇక్కడే ఉందా?" అని అడిగితే మాత్రం లేదనే చెప్పాలి. ఒక కొలువు పెద్ద ఇంటి ఆవరణలో పుట్టి, టోక్యోదాకా పోయి, తిరిగొచ్చి, 1966లో ఈ గుట్ట మీద స్థిరపడింది. కర్ర ఇల్లు విప్పి, మోసుకెళ్లి, మళ్లీ బిగిస్తారు. రాతి కట్టడాలకు అలవాటుపడ్డ మన బుర్రకు ఇది కొంచెం కష్టం.

అపోహ: పడవ పిల్లల సరదా, వదిలేయొచ్చు.

వదలకండి. సుమారు 50 నిమిషాల్లో అగడ్తల వెంట ఊరి నడుం చుట్టూ తిప్పుతుంది. కొన్ని వంతెనలు ఎంత కిందికి ఉంటాయంటే పడవ కప్పునే కిందికి దించేస్తారు. అందరూ ముందుకు వంగాలి. నడుంనొప్పి ఉన్న పెద్దలు ముందే చెప్పండి. చలికాలంలో పడవలోనే దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల ఉంటుంది, అది దొరికితే మనవాళ్లు దిగనంటారు.

అపోహ: నూడుల్సేగా, వెజ్జే.

ఇది నా చేతులు కాలిన వ్యవహారం. ఇజుమో సోబా మూడు ఎర్ర లక్క గిన్నెలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఇస్తారు, పైన పులుసు పోసుకోవాలి. ఆ పులుసులో ఎండుచేప సారం ఉంటుంది. కంటికి కనిపించదు. ఒకసారి ఒక హోటలువాళ్లు "మాంసం లేదు" అంటే సరేనన్నాను. వాళ్ల దృష్టిలో చేప సారం మాంసం కాదు, అబద్ధం చెప్పలేదు. ఒక బామ్మగారు మూడో గిన్నె మీద ఉండగా నాకు తెలిసింది. ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు "చేప సారం కూడా వద్దు" అని జపనీస్‌లో రాసిన కాగితం అందరికీ ఇస్తాను. సూపుల్లో సరస్సు గుల్లలు కూడా జాస్తి, చూసుకోండి. బ్యాగులో పులిహోర ఉంటే ఇంకా మంచిది.

అపోహ: పొద్దున వచ్చి మధ్యాహ్నానికి చుట్టేయొచ్చు.

చుట్టేయొచ్చు, కోటవరకు. నా వరస ఇది: పొద్దున్నే కోట, ఉత్తరం గేటు, నక్కల గుడి, హెర్న్ మ్యూజియం, ఇల్లు, సమురాయ్ ఇల్లు, టీ, భోజనం, పడవ. ఓపికుంటే కోట తూర్పున పెద్ద ఉద్యోగుల ఇళ్లుండే జాగాలో 2011లో తెరిచిన చరిత్ర మ్యూజియం. అన్నీ కాలినడక దూరమే, నడవలేనివాళ్లకు ఎర్రటి లేక్‌లైన్ బస్సు చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

సాయంత్రం షింజి సరస్సు ఒడ్డున షిమానే ఆర్ట్ మ్యూజియానికి వెళ్లండి. మార్చి నుంచి సెప్టెంబరుదాకా అక్కడ మూసే వేళ గడియారం చెప్పదు, సూర్యుడు చెబుతాడు. అస్తమించిన అరగంటకు మూస్తారు. జూన్‌లో అయితే ఎనిమిది అవుతుంది కాబట్టి, ఆ రోజు రాత్రి భోజనం ఏడింటికి బుక్ చేయకండి.