అపోహలు - వాస్తవాలు: సారా దీవి, పోర్ట్ ఆర్థర్ ఒకటి కావు

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో గోర్డన్ నది మీద తిరిగే లాంచీలో పనిచేస్తున్నాను. వేసవి వస్తే చాలు, ఉదయం ఎనిమిదింటికి ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "బాబూ, హోబర్ట్‌లో ఉన్నాము, టికెట్లు తీసుకున్నాము, గంటలో రేవుకు వచ్చేస్తాము." నాకు గుండె జారిపోతుంది. రేవు ఉన్నది స్ట్రాన్‌లో. హోబర్ట్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, కొండ మలుపుల దారి, నాలుగున్నర గంటలైనా పడుతుంది. లాంచీ తొమ్మిదికల్లా వెళ్ళిపోతుంది.

అందరి పొరపాటూ ఒకటే. ఖైదీల దీవి అనగానే పోర్ట్ ఆర్థర్ అనే పాత జైలు అనుకుంటారు. అది హోబర్ట్‌కు ఆగ్నేయంగా, కారులో గంటన్నర దూరం. మేము దింపే సారా దీవి (నవ్వకండి, అది ఒక ఆవిడ పేరు) పడమటి తీరాన మక్వారీ హార్బర్‌లో ఉంది. ఇక్కడ 1822లో జైలు తెరిచారు, 1833లో మూసేసి ఖైదీలను పోర్ట్ ఆర్థర్‌కు తరలించారు. రెండు పేర్లూ కలిసిపోయింది అక్కడే. పోయిన ఏడాది ఒక కుటుంబం పడుతూ లేస్తూ మధ్యాహ్నానికి చేరింది. పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోతున్నారు. తండ్రి ఖాళీ రేవు మీద అటూ ఇటూ నడుస్తూ ఉండిపోయాడు. డబ్బు వెనక్కి రాలేదు. దయచేసి ముందురోజే పగటిపూట బయలుదేరి, రాత్రికి స్ట్రాన్‌లో పడుకోండి. చీకటి పడ్డాక ఆ దారిలో వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి) కారుకు అడ్డం వస్తాయి.

దీవిలో ఉన్నవాళ్ళంతా హంతకులా? కాదు. చాలామంది బ్రిటన్‌లో దొంగతనాలకు శిక్షపడి ఓడలెక్కి వచ్చి, ఇక్కడ మళ్ళీ తప్పు చేసి దొరికినవాళ్ళు. అందరికీ ఇక్కడి నుంచి పారిపోయి నరమాంసం తిన్న అలెగ్జాండర్ పియర్స్ కథే కావాలి. కొరడా దెబ్బల మధ్యే ఖైదీలు హ్యువాన్ పైన్ చెక్కతో వందకు పైగా పడవలు, ఓడలు కట్టారు. ఆ సంగతి అడిగేవారే లేరు! దీవి మూసేశాక ఫ్రెడరిక్ అనే చివరి ఓడ పని ముగించడానికి ఉంచిన ఖైదీల్లో పదిమంది 1834లో దాన్నే ఎత్తుకుపోయి చిలీ చేరారు.

హెల్స్ గేట్స్ (హార్బర్ సముద్రంలో కలిసే ఇరుకు దారి) పేరు విని వాంతుల మాత్రలు వేసుకునేవారూ ఉన్నారు. లాంచీ సముద్రంలోకి తొంగి చూసేది కాసేపే, అదీ అలలు తక్కువగా ఉంటేనే. మిగతా ప్రయాణమంతా హార్బర్‌లో, నదిలో.

ఇక గోర్డన్ నది నల్లటి నీళ్ళు. గని వ్యర్థాలనే పుకారు ఊరికే పుట్టలేదు. క్వీన్స్‌టౌన్ రాగి గని వ్యర్థాలు దశాబ్దాలపాటు కొట్టుకొచ్చాయి, కాని కింగ్ నదిలోకి. గోర్డన్ నలుపు బటన్ గ్రాస్ అనే గడ్డి నుంచి దిగే టానిన్ అనే గోధుమరంగు పదార్థం వల్ల.

రాజమండ్రి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన పెద్దావిడ ఒకరు రెయిలింగ్ దగ్గరికే రాలేదు. "మురుగు నీళ్ళా బాబూ?" అన్నారు. ఆవిడ ఖాళీ సీసాకు తాడు కట్టి, నది నీళ్ళు తోడి చేతికిచ్చాను. పలచటి టీ డికాక్షన్ రంగు, అడుగున మడ్డి లేదు. "గడ్డి కషాయం అమ్మా" అన్నాను. ఆవిడ సీసాను వెలుతురుకు పట్టి చూసి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకున్నారు. "వరదలో మా గోదారి ఇంతకన్నా చిక్కగా ఉంటుందిలే" అన్నారు.